గుడి ఒకటే, వాకిళ్ళు రెండు

క్రైస్తవంలో కులం లేదని ఫాదరుగారు ప్రసంగంలో చెబుతారు. పాస్టరుగారూ అదే చెబుతారు. మనమూ తలూపి, ఆమెన్ అని ఇంటికి వస్తాం. ఈ మాట నిజమా కాదా అని మాటల్తో వాదించుకుంటే తెల్లారేదాకా తెగదు. అందుకని ఈసారి మేము మనిషిని కాకుండా ఒక గుడిని సాక్ష్యానికి పిలుస్తున్నాం. మనిషి ఒత్తిడికి లొంగి మాట మారుస్తాడు. కట్టిన గోడ ఎవరు కట్టించారో, ఎవరి కోసం కట్టించారో అట్లాగే చెబుతుంది.

ఆ గుడి మన దగ్గరిది కాదు. తమిళనాడు తిరునెల్వేలి జిల్లాలో, కన్యాకుమారికి దగ్గర్లో వడక్కన్‌కుళం అనే ఊరుంది. అక్కడి ఆర్.సి.ఎం. విచారణ గుడి పేరు తిరు కుటుంబ దేవాలయం. మరియమ్మ, యోసేపు, బాలయేసు ఉన్న కుటుంబం పేరు మీద కట్టిన గుడి అది. కుటుంబం పేరు పెట్టుకున్న గుడే కుటుంబాన్ని రెండుగా కోసింది.

గుడి అంటే మనకు తెలిసిన నమూనా ఒకటుంది. ముందు వాకిలి, లోపల పొడుగాటి సాల, సాల చివర బలిపీఠం. వడక్కన్‌కుళంలో అట్లా కాదు. బలిపీఠం ఒకటే. దాని ముందు నుంచి సాలలు మాత్రం రెండు, ఎడంగా చీలిపోతాయి. దేని వాకిలి దానిది. ఒక సాలలో మోకరించినవాడికి రెండో సాలలో మోకరించినవాడు కనబడడు. పీఠం దగ్గర నిలబడ్డ గురువుకి మాత్రం ఇద్దరూ కనబడతారు. లాగు తొడుక్కుంటే నడుము దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర రెండు కదా, అదే ఆకారం. అందుకే ఇంగ్లీషు రాతల్లో దీన్ని 'ట్రౌజర్ చర్చి' అన్నారు. మన భాషలో లాగు గుడి.

ఎవరి కోసం ఈ రెండు కాళ్ళు? ఒకటి వెళ్ళాళర్ల కోసం, ఇంకోటి నాడార్ల కోసం. వెళ్ళాళర్లు భూములున్న కులం. నాడార్లను ఆ రోజుల్లో శానార్లనేవాళ్ళు. తాళ్ళెక్కి కల్లు గీసి బతికినవాళ్ళు. వాళ్ళు తగిలితే మైల అన్నారు. హిందూ గుళ్ళలోకి రానివ్వలేదు. పక్కనే ఉన్న తిరువాన్కూరు రాజ్యంలో నాడారు ఆడవాళ్ళు రొమ్ము కప్పుకునే హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడితే 1859లో గాని రాజుగారి ఉత్తర్వు రాలేదు. అట్లాంటి మనుషులు క్రీస్తును నమ్ముకుని గుడికొస్తే, రావచ్చుగాని మీ వాకిలి వేరు అన్నారు. 1872లో ఈ గుడి పూర్తయింది. కట్టించింది యేసు సభ గురువులు, అంటే జెస్యూట్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఒక సాల కట్టడం తేలికా, రెండు సాలలు కట్టడం తేలికా? రెండు సాలలకు గోడలు ఎక్కువ, కప్పు ఎక్కువ, కూలి ఎక్కువ. రెండూ ఒక పీఠం దగ్గర కలవాలంటే మేస్త్రీ బుర్ర బద్దలు కొట్టుకోవాలి. ఇంత కష్టం దేవుడి కోసం పడలేదు. వెళ్ళాళరు కళ్ళకు నాడారు కనబడకుండా ఉండడం కోసం పడ్డారు. మనువు రాసిన దాన్ని మేస్త్రీ సున్నంతో, ఇటుకతో మళ్ళీ రాశాడు.

ఈ గోడకు పునాది ఎప్పుడు పడింది?

1872లో పడలేదు. అంతకు రెండున్నర వందల ఏళ్ళ ముందే పడింది. 1606లో రాబర్ట్ డి నోబిలి అనే ఇటలీ గురువు మదురై వచ్చాడు. బ్రాహ్మలు మతంలోకి రావాలంటే బ్రాహ్మడిలాగే బతకాలన్నాడు. కాషాయం కట్టాడు, మాంసం మానేశాడు, తక్కువ కులాల వారికి దూరంగా ఉన్నాడు. కులం అనేది లోక మర్యాద మాత్రమే, మతానికి సంబంధం లేదని వాదించాడు. 1623లో రోములో పోపు ఆ పద్ధతికి ఒప్పుకున్నాడు. తర్వాత తక్కువ కులాల కోసం పండార స్వాములని వేరే రకం గురువుల్ని పెట్టారు. అగ్రకులాలకు ఒక స్వామి, మిగతా వారికి ఇంకో స్వామి! గుడి గోడ లేవకముందే గురువుల మధ్య గోడ లేచింది.

దీని మీద రోములోనే పెద్ద గొడవ నడిచింది. పరైయరు జబ్బుపడి చావు బతుకుల్లో ఉంటే గురువు వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి అభ్యంగనం ఇవ్వాలా వద్దా అన్నది అందులో ఒక ప్రశ్న. చూడండి, మనిషి ప్రాణం పోతోంది, గడప దాటాలా వద్దా అని దశాబ్దాలు చర్చించారు. వెళ్ళి తీరాలని పోపు పట్టుబట్టాడు. అప్పుడు జెస్యూట్లు, పరైయర్ల కోసం ప్రత్యేకంగా కొందరు గురువుల్ని కేటాయిస్తామన్నారు. 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు దానికి సరేనన్నాడు. ఆజ్ఞ నెరవేరినట్టూ అయింది, అగ్రకులం మైలపడకుండా ఉన్నట్టూ అయింది. రోగానికి మందు అడిగితే రోగాన్నే మందు సీసాలో పోసి ఇచ్చారు.

ఆ మరుసటి ఏడు, 1745. ఆ ఒక్క ఏడాదిలో జరిగిన రెండు సంగతులు మన పిల్లలకు కథల్లా చెప్పవలసినవి.

మొదటిది పుదుచ్చేరిలో. ఫ్రెంచి వారి దగ్గర దుబాసీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై రోజూ డైరీ రాసేవాడు. అందులో ఈ సంగతి ఉంది. అక్కడి గుడిలో పరైయర్లు వేరుగా కూచోవడానికి అడ్డం గోడ ఉండేది. పరైయరు క్రైస్తవులు లేచారు. గురువు దగ్గరకు పోయి, మేమూ మీ బిడ్డలమే కదా, మమ్మల్ని ఈ గోడ అవతల ఎందుకు పెట్టారని నిలదీశారు. గోడ పడింది! అగ్రకులాల క్రైస్తవులు కోపం తెచ్చుకుని గొడవకు దిగారు. అది వేరే సంగతి. 1745లో మనోళ్ళు అడిగారు, గోడ పడింది. ఇది గుర్తుపెట్టుకోండి. మన జాతి నోరులేనిదని ఎవడన్నా అంటే ఈ సంగతి చెప్పండి.

రెండోది ఈ వడక్కన్‌కుళంలోనే. తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో నీలకంఠ పిళ్ళై అనే ఉద్యోగి ఉండేవాడు. కొళచ్చల్ యుద్ధంలో పట్టుబడి రాజు దగ్గరే సేనానిగా చేరిన డచ్చి కాప్టెను డి లనోయ్ ద్వారా ఆయనకు క్రీస్తు సంగతి తెలిసింది. 1745 మే 14న వడక్కన్‌కుళం వచ్చి జ్ఞానస్నానం తీసుకుని దేవసహాయం అయ్యాడు. తర్వాత తక్కువ కులాల వారితో కలిసి తిన్నాడు, కలిసి తిరిగాడు. ఆయన మీద పడ్డ కోపంలో అది పెద్ద భాగం. పట్టుకుని, కొట్టి, గేదె మీద ఎక్కించి ఊళ్ళు తిప్పారు. 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కొండ మీద కాల్చి చంపారు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. అంతకు ముందే 2020లో ఆయన పేరు చివర ఉన్న 'పిళ్ళై'ని రోము తీసేసింది. కులం పేరు ఎందుకని అడిగినవాళ్ళుంటే, ఆ అడగడం ఫలించింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఊళ్ళో జ్ఞానస్నానం తీసుకున్న మనిషి కులాన్ని వదిలి, అందరితో కలిసి తిని, ప్రాణం పోగొట్టుకున్నాడో, ఆ ఊళ్ళోనే 127 ఏళ్ళ తర్వాత లాగు గుడి లేచింది. అమరుడిని మొక్కుతారు, ఆయన చేసిన పని మాత్రం చేయరు. ఈ రోగం ఒక్క కథోలికులదే కాదు. అంబేద్కర్ బొమ్మకు దండేసి వాడకొచ్చి నీళ్ళు తాగనివాళ్ళనూ మనం చూస్తూనే ఉన్నాం.

గోడ పడిన రోజు

వడక్కన్‌కుళంలో నడుమ గోడ 1910లో తీసేశారు. ఫాదర్ కౌసనెల్ అనే ఫ్రెంచి జెస్యూటు అక్కడ పనిచేసిన కాలమది. దీన్ని మేము ఒప్పుకుంటాం, మెచ్చుకుంటాం కూడా. కట్టించిన సభే కూలగొట్టింది. తప్పు చేసినవాడు తన చేత్తోనే దిద్దుకుంటే దాన్ని కాదనకూడదు.

కాని గోడ పడగానే ఏమైందో చూడండి. వెళ్ళాళరు పక్షం వాళ్ళు కోర్టుకెక్కారు. గోడ మళ్ళీ కట్టించాలని, తరతరాలుగా ఉన్న తమ హక్కు పోయిందని దావా వేశారు. అది మద్రాసు హైకోర్టు దాకా పోయింది. మైఖేల్ పిళ్ళై, బిషప్ బార్త్ మీద వేసిన కేసు అని లా పుస్తకాల్లో ఉంటుంది. పేరు చూడండి: ముందు మైఖేల్, వెనక పిళ్ళై. జ్ఞానస్నానం ముందు సగాన్ని కడిగింది, వెనక సగాన్ని తడపలేదు. కోర్టు వాళ్ళ వాదనను ఒప్పుకోలేదు. గోడ మళ్ళీ లేవలేదు.

ఇదే నాడార్లు అప్పటికి రెండేళ్ళ ముందు, 1908లో, కముది గుడి ప్రవేశం కేసులో లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళి ఓడిపోయారు. హిందూ గుడిలోకి అడుగు పెట్టే హక్కు లేదని అక్కడ తీర్పు. చర్చిలో గోడ కడితే గాని కుదరదని ఇక్కడ దావా. ఈ మతంలోనూ ఆ మతంలోనూ అగ్రకులం వాడు అడిగింది ఒకటే: వీళ్ళు నా పక్కన కూచోకూడదు.

కొందరు పెద్దలు మాతో ఇట్లా అంటారు: "ఏం చేస్తామయ్యా, గోడ కట్టకపోతే వెళ్ళాళర్లు అసలు రారు. వేరే సభలోకి పోతారు. ముందు ఒక కప్పు కిందికి తెస్తే మెల్లగా మనసులు మారతాయి." ఈ వాదనలో నిజం లేకపోలేదు. ఇంకో సభలోకి పోతామని బెదిరించడం అగ్రకుల క్రైస్తవుల చేతిలో ఎప్పుడూ ఉన్న కర్రే. కాని మెల్లగా అంటే ఎంత మెల్లగా? 1606 నుంచి 1910 దాకా లెక్కేయండి. 304 ఏళ్ళు. పది పన్నెండు తరాలు. పోతామన్న వెళ్ళాళరుకు భయపడి గోడ కట్టినవాళ్ళు, గోడ అవతల కూచున్నవాడు ఎప్పుడో లేచి పోతాడేమోనని ఒక్కసారైనా భయపడ్డారా? మనం పోమని వాళ్ళకు ధీమా. ఆ ధీమాకే మనం జవాబు చెప్పాలి.

ఇంకో మాట. వడక్కన్‌కుళం కొట్లాట వెళ్ళాళరుకూ నాడారుకూ మధ్య. పరైయరు, పళ్ళరు, చక్కిలియరు ఈ కథలో ఎక్కడున్నారు? గుడికి రెండు కాళ్ళు పెట్టినప్పుడు మూడో కాలు గురించి ఎవరూ మాట్లాడలేదు. పైవాడు నిన్ను తోస్తే నువ్వు కోర్టుకు పోతావు, నీ కిందివాడిని నువ్వు తోస్తే అది ఆచారమంటావు. అంబేద్కర్ చెప్పిన నిచ్చెన మెట్లు ఇవే. ఒక మెట్టు విరిగితే నిచ్చెన పోదు.

అందుకే గోడలు వేరే చోట లేచాయి. తిరుచ్చిలో ఒక కథోలిక సమాధుల దొడ్డిలో దళితుల సమాధులకూ మిగతా వారి సమాధులకూ మధ్య గోడ ఉంది. 2010లో పెరియార్ వాదులు కొందరు వెళ్ళి దానిలో కొంత పగలగొట్టారు. అప్పటి విల్లుపురం జిల్లా ఎరైయూరులో దళిత కథోలికులు శవాన్ని పెద్ద బజారున తీసుకుపోనివ్వడం లేదని, పెద్ద గుడిలో సమానంగా చూడడం లేదని ఏళ్ళ తరబడి అడిగారు. చివరకు మా విచారణ మాకు వేరే ఇవ్వండన్నారు. 2008 మార్చిలో వన్నియరు కథోలికులు వాళ్ళ మీద పడ్డారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. చనిపోయినవాళ్ళు వన్నియర్లే. వాళ్ళూ పేదవాళ్ళే, వాళ్ళ తల్లులూ ఏడ్చారు. కులం అనే దేవతకు బలి ఎవరైనా ఒకటే.

కోర్టు అడిగిన సాక్ష్యం

ఇదంతా తమిళ దేశం సంగతి, మనకెందుకంటారా? ఎందుకో చెబుతాం.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దారి తెరిచారు. క్రైస్తవుడికి, ముస్లిముకు తెరవలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన దళితుణ్ణి బి.సి.-సి లో వేసి 1 శాతం చేతిలో పెట్టారు. సర్టిఫికెట్టులో హిందూ అని రాయించుకుని ఆదివారం గుడికి పోయే బతుకు మనలో ఎందరిదో చెప్పక్కర్లేదు. 1985లో సుప్రీంకోర్టు సూసై కేసులో ఏమంది? మతం మారిన తర్వాత కూడా ఆ పాత బాధలు అదే తీవ్రతతో ఉన్నాయని చూపించాలంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను రిపోర్టు మతంతో ముడిపెట్టొద్దని చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్రం మళ్ళీ బాలకృష్ణన్ కమిషను వేసింది.

చూపించమంటే ఏం చూపించాలి? లాగు గుడిని చూపించాలి. సమాధుల దొడ్డి గోడను చూపించాలి. అందుకే ఆ గుడి రూపం మార్చి సిగ్గు దాచుకోవద్దని మేమంటాం. అది ఉండాలి. పిల్లల్ని తీసుకుపోయి, ఇదిగో, ఇట్లా కోశారు మనుషుల్ని అని చూపించాలి. 2016లో భారత కథోలిక మేత్రాణులు దళిత సాధికారత మీద ఒక విధానం ప్రకటించి, సభలో అంటరానితనం ఇంకా ఉందని వాళ్ళే ఒప్పుకున్నారు. 2022 ఆగస్టు 27న మన కర్నూలు ప్రాంతపు బిడ్డ, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి కార్డినల్ అయిన మొదటి మనిషి ఆయన. సంతోషమే. మనోడు పీఠం ఎక్కాడు. మన వాడ పీఠం దగ్గరకు వచ్చిందా అన్నది ఇంకా అడగవలసిన ప్రశ్న.

మన ఊరి గుడి

మన తెలుగు దేశంలోకి వచ్చిన కథోలిక గురువులూ మొదట ఆ మదురై దారినే వచ్చారు. 18వ శతాబ్దంలో మొదట గుంపుగా చేరింది రెడ్లు, ఇంకొన్ని పైకులాలు. మాల మాదిగలు పెద్దఎత్తున వచ్చింది 19వ శతాబ్దం చివర. ముందొచ్చినవాడు ముందు వరస, వెనకొచ్చినవాడు వెనక వరస అయింది. మనకు లాగు గుళ్ళు లేవు నిజమే. మనకు అంత ఖర్చు కూడా అక్కర్లేకపోయింది. బెంచీ ఎవరిది, చాప ఎవరిది అన్నది చాలింది. తేరు ఏ వీధి దాకా వచ్చి తిరిగిపోతుందన్నది చాలింది.

మాలో కొందరం ఈ మధ్య ఒక ఊళ్ళో కొత్త గుడి కట్టడం మీద పెట్టిన మీటింగుకు పోయాం. ఊరి పేరు చెప్పం. పాత గుడి పడగొట్టి పెద్దది కడుతున్నారు. చందా ఎక్కువిచ్చిన నలుగురే కమిటీ. ప్లాను కాగితం బల్ల మీద పరిచారు. అందరూ గోపురం ఎత్తు ఎంత, రంగు ఏది అని మాట్లాడుతున్నారు. మా మాలపల్లె అవ్వ ఒకామె వెనక నిలబడి ఉంది. "ఫాదరుగారూ, ఒక మాటండి" అంది. "చెప్పమ్మా" అన్నారాయన. "వాకిలి ఊరివైపు పెట్టారు, బాగానే ఉంది. మరి మా పల్లెలో చావైతే పెట్టె ఏ దోవన తేవాలండి? ఇప్పటికీ చెరువు గట్టున తిప్పుకొస్తన్నాం గదండీ?" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన ప్లాను కాగితం చుట్టేశాడు.

ఆ అవ్వకు చదువు లేదు. కాని ప్లాను చదివిందంటే ఆ గదిలో ఆమె ఒక్కతే చదివింది.

ఇంజనీరు గీసేది గోడల్ని. మనుషులు నడిచే దోవ ఆ గీతల్లోనే ఉంటుంది. స్లాబు పడ్డాక అడిగితే ఇప్పుడేం చేస్తామంటారు. ముగ్గు పోసినప్పుడే అడగాలి. కాబట్టి మీ ఊళ్ళో గుడి కడుతుంటే, అది ఏ సభ గుడైనా సరే, ఈ నాలుగూ అడగండి:

కమిటీలో మన పల్లె మనుషులెందరు, అందులో ఆడవాళ్ళెందరు? వాకిలి ఎటు, పల్లె నుంచి దానికి దోవ ఏది? కూచోవడానికి అందరికీ ఒకే రకమా, ముందు వరస ఎవరికైనా రాసిపెట్టారా? సమాధుల దొడ్డి ఒకటేనా, దానికి గేటు ఒకటేనా?

ఈ నాలుగింటికి సరైన జవాబు రాకపోతే చందా ఇవ్వకండి, ఇటుక మోయకండి. ఏ ఊళ్ళో చూసినా రాయి మోసింది, సున్నం తొక్కింది మన చేతులే. మన చేతులు ఆగితే గోడ లేవదు.

ఇప్పుడు చివరి మాట. ఇది మనకు చేదుగా ఉంటుంది. మన పల్లెల్లో మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు. సభలు వేరంటాం. సభలు వేరైతే ఒక ఆదివారం మీరు అక్కడికి, వాళ్ళు ఇక్కడికి ఎందుకు పోరు? ఒకరి పెళ్ళి భోజనంలో ఒకరు ఎందుకు కూచోరు? వడక్కన్‌కుళంలో కనీసం పీఠమైనా ఒకటుంది. రెండు కాళ్ళూ ఒక నడుము దగ్గర కలిశాయి. మనకు ఆ నడుము కూడా లేదు. అక్కడి వెళ్ళాళర్ని తిట్టడం తేలిక. మన రెండు చర్చీల మధ్య నలభై అడుగుల బాట దాటడమే కష్టంగా ఉంది.

వచ్చే ఆదివారం దాటుదాం. ఫాదరు చెప్పేదాకా, పాస్టరు చెప్పేదాకా ఆగొద్దు. 1745లో పుదుచ్చేరి పరైయర్లు ఎవరో చెబుతారని ఆగలేదు. లేచారు, అడిగారు. గోడ పడింది.